రెండో గడి

బరంపురంలో, అప్పడాల కొట్టు మీద
మొదటి అంతస్తు. పదకొండు కంప్యూటర్లు,
వాటిలో రెండు పనిచేయవు.
యానిమేషన్ నేర్పుతామని బయట బోర్డు.
మెట్లెక్కేసరికి చొక్కాకి ఇంగువ వాసన పట్టేస్తుంది.
ఇచ్ఛాపురం నుంచి పొద్దుటి ప్యాసింజర్లో వచ్చే మాస్టర్ని నేను.

చేరిన ప్రతివాడికీ మొదటిరోజే డ్రాగన్ కావాలి.
నిప్పు కక్కాలి, రెక్కలు విప్పాలి.
ఎగిరి ఎక్కడికెళ్తుందిరా అంటే
ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

అందుకే ఈ ఏడు త్రీడీ మూయించాను.
"టాబ్లెట్ మీద కామిక్కు. నాలుగే గళ్ళు.
మీ ఇంట్లో కదలడం మానేసిన వస్తువు ఒకటి.
బుడగ ఒక్కటే. అందులో ఒక్క మాటే."

"సెకనుకి ఇరవైనాలుగు బొమ్మలు గీద్దామని వచ్చాం,
నాలుగేటి సార్?" అన్నాడు వెనక బెంచీ గుంటడు.
నాలుగు గీస్తే తెలుస్తుందిరా
మిగతా ఇరవై ఎక్కడ దాక్కున్నాయో.

గడికీ గడికీ మధ్య తెల్లటి సందు ఉంటుంది.
పాఠమంతా ఆ సందులోనే.
ఈ గడిలో గ్లాసు పక్కన చెయ్యి,
ఆ గడిలో నేల మీద గాజుముక్కలు.
పడేసిందెవరు? గీసినవాడు కాదు, చూసినవాడు.
"అయితే సగం పని చూసేవాళ్ళదే, ఫీజు మాత్రం మాదా?"
ఝరణా పాణిగ్రాహి ఒడియాలో అడిగింది,
నేను హిందీలో జవాబిచ్చాను,
కొందరు తెలుగులో నవ్వారు.

శుక్రవారం బొమ్మలొచ్చాయి.
కుట్టుమిషను. కోళ్ళు పొదిగే స్కూటరు.
ఝరణాది గోడ గడియారం,
తుపాను రాత్రి ఏ టైముకి ఆగిందో
ఆ టైముకే ఇప్పటికీ వాళ్ళ తాతకి ఆకలేస్తుంది.
పదికి ఎనిమిది వేశాను. ముల్లు నీడ తప్పు.

తవిటేష్‌ది చివర్లో తెరిచాను.
ఒకటో గడి: గుంటమగ్గం. గుంటలో కాళ్ళు దింపుకుని తండ్రి,
నాడె ఇంకా చేతిలోంచి వెళ్ళలేదు.
రెండోది ఖాళీ. ఉత్త తెలుపు.
మూడు: మగ్గం లేదు. గుంట మీద చెక్క పరిచేశారు.
నాలుగు: చెక్క ఓ పక్కకి జరిపి
గుంటలోకి కాళ్ళు వేలాడేసి, ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని
ఒక కుర్రాడు ఇదే బొమ్మ గీస్తున్నాడు.
బుడగ వంటింట్లోంచి వస్తోంది.
అందులో ఒడియా అక్షరాలు, గుండ్రంగా, గొడుగులేసుకుని.

నాకు ఒడియా కూడబలుక్కుంటే గాని రాదు.
ఝరణాని చదవమన్నాను.
అర్థం తెలీకుండానే, గట్టిగా, ముక్కలు ముక్కలుగా చదివింది:
"గుం ట ఉం ది నా య నా, కా లు జా గ ర్త."

తెలుగు!
బళ్ళో తెలుగు దొరకని కుర్రాడు
ఇంటి మాటకి బడి అక్షరాలు తొడిగాడు.
ఆ పలుకుబడికి గది గొల్లుమంది.
తవిటేష్ నవ్వలేదు.
"చెక్కేసి నాలుగేళ్ళయిపోయింది సార్.
మాయమ్మ ఇంకా అలాగే అంతాది."

కాసేపాగి అడిగాను, అడగాలి కదా,
"మరి ఆ రెండోది? వదిలేశావేటి?"
"లేదు సార్. గీసేను."

సాయంత్రం అందరూ వెళ్ళాక ఫైలు తెరిచి లేయర్లు చూశాను.
రెండో గడి కింద పదిహేడున్నాయి.
ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు:
నాన్న. నాన్న మంచం. నాన్న చెయ్యి.
నాన్న చెయ్యి మళ్ళీ.
ఒక్కో పేరు పక్కన చిన్న కన్ను గుర్తు,
పదిహేడూ మూసి ఉన్నాయి.
ఒక్క నొక్కు చాలు తెరుచుకోడానికి.

కింద కొట్టువాడు షట్టర్ దించుతున్నాడు.
రైలుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.
మౌసు మీంచి చెయ్యి తీసేశాను.

మార్కుల కాగితంలో "పని పూర్తయినదా" అని ఒక గడి ఉంటుంది.
దాన్లో ఏం రాయాలో
సోమవారం చూద్దాం.